మా కారవాన్‌ వెనక మీరు బిగించిన స్కూటర్‌ స్టాండు గురించి ఫిర్యాదు

రాయగడ జిల్లా, ఒడిశా

కస్టమర్‌ సర్వీస్‌ మేనేజర్‌ గారికి,

విషయం: స్కూటర్‌ స్టాండు వల్ల వెనక ఇరుసు మీద పరిమితి దాటిన బరువు, చీలిన వెల్డింగు, వెనకవాళ్లకు కనిపించని బ్రేక్‌ లైట్లు. స్టాండు తీసేసి డబ్బు వాపసు ఇవ్వడం గురించి.

అయ్యా,

మాది గునుపురం. నేను, మా ఆవిడ ఉద్యోగాల నుంచి రిటైరయ్యాక ఇల్లు అద్దెకిచ్చి, మీ దగ్గర చేయించుకున్న కారవాన్‌లోనే కాపురం ఉంటున్నాం. సెలవులకు నాలుగు రోజులు తిరిగొచ్చేవాళ్లం కాదు. వంట, పడక, మందులు, పెన్షన్‌ కాగితాలు అన్నీ అందులోనే. ఈ సంగతి బుక్‌ చేసిన రోజే మీ సేల్స్‌ వాళ్లకు చెప్పాం, ఆర్డర్‌ ఫారంలో రాయించాం కూడా. షోరూంలో మాతో అంతా తెలుగులోనే మాట్లాడారు కనుక ఈ ఉత్తరం కూడా తెలుగులోనే రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. స్కూటర్‌ దండగ అని నేను అనడం లేదు. బండిలో కాపురం చేసేవాళ్లకు అది ఎంత అవసరమో మాకు బాగా తెలుసు. ఒక చోట ఆగామంటే చక్రాల కింద చెక్కలు పెట్టి బండిని సమం చేయాలి, పక్కన పందిరి గుడ్డ లాగాలి, కరెంటు వైరు కలపాలి. తర్వాత అర లీటరు పాలు కావాలన్నా, బీపీ మాత్రలు అయిపోయినా అవన్నీ విప్పి, గిన్నెలు సర్ది, గ్యాస్‌ కట్టేసి ఇల్లంతా కదిలించుకుని వెళ్లలేం. రాయగడ పాత బజారు సందుల్లోకి ఇంత బండి దూరదు. బుధవారం చాటికోన సంతకు డొంగ్రియా కొంధు గిరిజనులు నియమగిరి కొండల నుంచి పసుపు, పండ్లు, దుంపలు మోసుకుని దిగుతారు. ఆ రోజు రోడ్డు పక్కన ఆటో నిలపడానికే చోటుండదు, కారవాన్‌ మాట చెప్పేదేముంది. 1,672 మీటర్ల దేవమాలి కొండ ఎక్కాలన్నా కారవాన్‌ను కింద పొట్టంగి వైపు వదిలి చిన్న బండి మీద పోవడమే మేలు. ఊరికి దూరంగా ఆగినప్పుడు రాత్రివేళ ఒంట్లో బాగోకపోతే డాక్టరు దగ్గరకు పోవడానికి ఆటో దొరకదు. అదే నా పెద్ద టెన్షన్‌. స్కూటర్‌ కావాలని మేము పట్టుబట్టింది అందుకే.

ఆ అవసరం చూసే మీరు మాకు 68,000 రూపాయలకు ఈ స్టాండు అమ్మారు. ‘ఏ స్కూటరైనా పెట్టుకోవచ్చు, ఏ రోడ్డు మీదైనా పోవచ్చు, ఒక్కరే ఎక్కించుకోవచ్చు’ అని మీ కరపత్రంలో రాశారు. నా దగ్గర అది భద్రంగా ఉంది. ఆ మూడు మాటల్లో ఒక్కటీ నిజం కాలేదు.

సాలూరు నుంచి కొరాపుట్‌ వైపు 26వ నంబరు జాతీయ రహదారి మీద సుంకి ఘాటీ (మలుపుల కొండదారి) ఎక్కుతున్నప్పుడు సంగతి బయటపడింది. మలుపు తిప్పి ఎక్కే చోట స్టీరింగ్‌ చేతికి తేలిపోతోంది. ముందు చక్రాలు రోడ్డును గట్టిగా పట్టుకోవడం లేదని డ్రైవింగ్‌ తెలిసినవాడికి వెంటనే అర్థమవుతుంది. మలుపు మలుపుకూ వెనక భాగం అవతలి వైపుకు ఊగుతోంది. ఎదురుగా సరుకు లారీలు దిగుతున్నాయి. మా ఆవిడ సీటు పట్టుకుని మాట్లాడకుండా కూర్చుంది. పైకి వచ్చాక పొట్టంగిలో ఒక వెల్డింగ్‌ షాపు దగ్గర ఆపి చూపిస్తే, స్టాండును ఛాసిస్‌కు (బండి అడుగు చట్రానికి) కలిపే ఎడమ చేతి బ్రాకెట్‌ వెల్డింగు పైనుంచి చీలి ఉంది. ‘గుంతలో ఎగిరినప్పుడల్లా ఈ బరువు రెండింతలై లాగుతుంది సార్‌, దీనికి కింద ఆసరా పట్టీ లేదు’ అన్నాడు ఆ అబ్బాయి. అతను తాత్కాలికంగా అతికించాడు కానీ స్కూటర్‌ పెట్టుకుని ఘాటీ దిగొద్దని గట్టిగా చెప్పాడు. చీలిక ఫోటోలు జతచేస్తున్నాను. ఆ స్కూటర్‌ గనక ఘాటీలో ఊడి వెనక వస్తున్న బైకు మీద పడి ఉంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

మీకు ఫోన్‌ చేస్తే సర్వీస్‌ వాళ్లు, ‘బండి మొత్తం బరువు పరిమితిలోనే ఉంటుంది సార్‌, బోల్టులు బిగిస్తే సరిపోతుంది’ అన్నారు. అందుకని రాయగడలో లారీ కాటాకు తీసుకెళ్లి తూయించాను. ముందు చక్రాలు ఒక్కటే ఎక్కించి ఒకసారి, బండి మొత్తం ఎక్కించి ఇంకోసారి. స్కూటర్‌ దించి ఒక జత, ఎక్కించి ఒక జత. నీళ్ల ట్యాంకు నిండుగా ఉంది, మేమిద్దరం లోపలే ఉన్నాం. స్కూటర్‌ లేకుండా, స్టాండు కూడా విప్పి పక్కన పెట్టినప్పుడు ముందు 1,520 కిలోలు, వెనక 2,500 కిలోలు. స్టాండు బిగించి స్కూటర్‌ ఎక్కించాక ముందు 1,430, వెనక 2,740. మొత్తం 4,170. బండికి రాసి ఉన్న మొత్తం పరిమితి 4,200 కాబట్టి మీవాళ్లు చెప్పింది ఆ మేరకు సరే. కానీ వెనక ఇరుసుకు తయారీ ప్లేటు మీద రాసిన పరిమితి 2,600 కిలోలే. దాన్ని 140 కిలోలు దాటాం.

ఇది ఎలా జరిగిందో మీ ఇంజనీర్లకు తెలియనిది కాదు, తెలిసే పట్టించుకోలేదని నా బాధ. స్కూటర్‌ 108 కిలోలు, స్టాండు 42 కిలోలు, కలిపితే 150. వెనక ఇరుసు మీద 150 కాకుండా 240 ఎందుకు పెరిగింది? ఆ బరువు ఇరుసు మీద లేదు, ఇరుసు అవతల 2.2 మీటర్ల దూరంలో వేలాడుతోంది. గునపంతో బండను లేపినట్టు, ఆ బరువు వెనక కిందికి నొక్కుతూ బండి ముందు భాగాన్ని పైకి లేపుతుంది. మా బండి ఇరుసుల మధ్య దూరం 3.7 మీటర్లు. 150ని 2.2తో గుణించి 3.7తో భాగిస్తే 89 వస్తుంది. ముందు ఇరుసు మీద తగ్గిన 90 కిలోలు అదే, వెనక అదనంగా పడింది కూడా అదే. స్కూల్లో నేర్చుకున్న లెక్క ఇది. కాటా చీటీకి, కాగితం మీద లెక్కకు ఒక్క కిలో తేడా. సమతలం మీద ఉన్న పరిస్థితి ఇది. ఘాటీ ఎక్కేటప్పుడు బరువు ఇంకా వెనక్కి జారుతుంది. స్టీరింగ్‌ తేలిపోవడానికి కారణం అదే. ‘ఏ స్కూటరైనా’ అని రాసే ముందు ఈ లెక్క ఒక్కసారి వేసి చూడాల్సింది కాదా?

పొడవు సంగతి కూడా ఉంది. వెనక ఇరుసు తర్వాత బండి బాడీ 1.75 మీటర్లు. మీ స్టాండు ఇంకో 0.9 మీటర్లు. మొత్తం 2.65. వెనక వేలాడే భాగం ఇరుసుల మధ్య దూరంలో 60 శాతం దాటకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 93వ నియమం చెబుతుంది. మా బండికి ఆ హద్దు 2.22 మీటర్లు. స్టాండును బండిలో భాగం అంటే ఈ నియమం అడ్డొస్తుంది, పైగా అది ఆర్‌సీలో లేదు. కాదు, అది మోసుకెళ్లే సామాను అంటే, హద్దు దాటి వెనక్కి పొడుచుకొచ్చిన సామానుకు మోటారు వాహనాల చట్టంలో 194(1ఏ) సెక్షన్‌ కింద 20,000 రూపాయల జరిమానా ఉంది. మీరు ఏ పేరు పెట్టినా పోలీసులు ఆపి అడిగితే జవాబు చెప్పాల్సింది మేమే. కాలువ మీద చిన్న కల్వర్టు దిగేటప్పుడు స్టాండు తోక నేలను గీరుతోంది. కొరాపుట్‌ జిల్లా లోపలి రోడ్ల మీద అలాంటివి అడుగడుగునా ఉంటాయి.

ఒక్కరే ఎక్కించుకోవచ్చన్న మాట విషయానికి వస్తే, స్టాండు నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. మీరిచ్చిన రేకు ర్యాంపు 2 మీటర్లు. ఆ వాలు మీద 108 కిలోల బండిని తోయాలంటే, రాపిడి లెక్కలో వేయకపోయినా, 35 కిలోల బరువు ఎత్తినంత బలం ఆపకుండా పెట్టాలి. పెడుతూనే హ్యాండిల్‌ నిటారుగా పట్టుకోవాలి, మధ్యలో చెయ్యి మారిస్తే అది మీద పడుతుంది. వానాకాలంలో రేకు జారుతుంది. అరవై దాటిన మనిషికి ఇది ఒక్కరు చేసే పని కాదు. నాకు ఒంట్లో బాగోకపోతే ఆవిడ స్కూటర్‌ దించుకుని మందులు తేవాలని కదా మేము అనుకున్నది. ఆవిడ దాన్ని దించలేకపోతోంది. అంటే సరిగ్గా ఏ అవసరానికి కొన్నామో ఆ అవసరానికే అది పనికిరావడం లేదు.

స్కూటర్‌ను స్టాండుకు కట్టే పద్ధతి కూడా చూడండి. మోటార్‌సైకిలుకైతే ఇనుప ఫ్రేము బయటికి కనిపిస్తుంది, పట్టీ ఎక్కడైనా వేయొచ్చు. స్కూటర్‌కు ఫ్రేమంతా ప్లాస్టిక్‌ లోపల ఉంటుంది. మీరిచ్చిన రెండు పట్టీలు హ్యాండిల్‌కు, వెనక గ్రాబ్‌ రెయిల్‌కు (సీటు వెనక పట్టుకునే కడ్డీకి) వేయమన్నారు. ముందు చక్రం కదలకుండా పట్టే గాడి లేదు. ముందు సస్పెన్షన్‌ సగం దాకా దిగేలా నాలుగు వైపులా నాలుగు పట్టీలు లాగి కట్టాలని పాత బైకులు లారీల్లో పంపేవాళ్లకు కూడా తెలుసు. ఈ రెండు పట్టీలకే గ్రాబ్‌ రెయిల్‌ వంగింది, పక్క ప్యానెల్‌ పగిలింది.

స్కూటర్‌ ఎక్కించాక బండి కుడి బ్రేక్‌ లైటు, నంబరు ప్లేటు పూర్తిగా మూసుకుపోతాయి. చలికాలం కొరాపుట్‌ పీఠభూమి మీద తెల్లవారుజామున పొగమంచు ఎలా కమ్ముతుందో ఆ దారిన పోయినవాళ్లకు తెలుసు. వెనక లారీ వాడికి మా బ్రేకు కనిపించదు. ఇంకా ఘోరం, లోపల పడుకునే చోట వెనక కిటికీనే అత్యవసర ద్వారం అని మీరే ఎర్ర స్టిక్కరు అంటించారు. స్టాండు మీద స్కూటర్‌ ఉంటే ఆ కిటికీ సగం కూడా తెరుచుకోదు. గ్యాస్‌ పొయ్యి ఉన్న బండిలో రాత్రి మంట లేస్తే మేము ఎటునుంచి బయటపడాలి?

ఈ ఫిర్యాదులన్నీ ఫోన్‌లో చెబితే మీ మేనేజర్‌ ఒకరు, ‘ఎలక్ట్రిక్‌ స్కూటర్‌కు మారండి, సోలార్‌తోనే ఛార్జ్‌ అవుతుంది’ అన్నారు. మా బండిలో మీరు పెట్టిన బ్యాటరీ 12 వోల్టులు, 200 ఆంపియర్‌ అవర్లు. అంటే నిండుగా ఉన్నప్పుడు 2.4 యూనిట్లు. మామూలు ఎలక్ట్రిక్‌ స్కూటర్‌ బ్యాటరీ ఒక్కటే 3 యూనిట్ల దగ్గర ఉంటుంది. ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్‌, లైట్లు ఆపేసి బ్యాటరీ మొత్తం పోసినా స్కూటర్‌ నిండదు. పైన ఉన్న 400 వాట్ల పలకలు మంచి ఎండలో రోజుకు 2 యూనిట్లు కూడా కష్టం మీద ఇస్తాయి, ముసురు పట్టిన రోజు ఆ మాత్రం కూడా రాదు. ఆ స్కూటర్లు బరువులో మా పెట్రోల్‌ స్కూటర్‌ కంటే తక్కువేమీ కాదు, చాలావరకు ఎక్కువే. కస్టమర్‌ అడిగిన ప్రశ్నకు ఇంకో వస్తువు అమ్మే మాట జవాబు కాదు.

స్కూటర్‌ను సామాను కింద లెక్కేస్తారు, కాగితాలు అక్కర్లేదని కూడా చెప్పారు. అది తప్పు. రోడ్డు మీదికి దించిన క్షణం నుంచి దానికి వేరే ఇన్సూరెన్స్‌, పొల్యూషన్‌ సర్టిఫికెట్‌ కావాలి, నడిపేవాళ్లకు టూవీలర్‌ లైసెన్స్‌ ఉండాలి. ఒడిశా నంబరు బండిని ఆంధ్రలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్టర్‌ చేయించాలి. సరిహద్దుకు అటూ ఇటూ తిరిగే మాలాంటి వాళ్లకు ఇవి ముందే చెప్పాల్సిన విషయాలు.

మేము కోరేది ఇది. ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లో స్టాండు మీ ఖర్చుతో తీసేసి 68,000 రూపాయలు తిరిగి ఇవ్వండి. దాన్ని బిగించడానికి ఛాసిస్‌కు వేసిన రంధ్రాలు, వెల్డింగులు ఇంజనీరు చేత తనిఖీ చేయించి, బండికి నష్టం లేదని రాతపూర్వకంగా ఇవ్వండి. స్కూటర్‌కు జరిగిన నష్టం భరించండి. రెండు ఇరుసుల బరువులు విడివిడిగా తూయించి, దేని మీద ఇంకా ఎంత మోయొచ్చో మాకు కాగితం మీద ఇవ్వండి. ఇది బండి అప్పగించేటప్పుడే ఇవ్వాల్సింది.

స్కూటర్‌ మోసే వేరే ఏర్పాటు మీరు చేయగలిగితే మేము వినడానికి సిద్ధంగా ఉన్నాం. వెనక మంచం ఎత్తు పెంచి, కింద తక్కువ ఎత్తులో గది చేస్తే బరువు ఇరుసుకు దగ్గరగా వస్తుంది, ర్యాంపు వాలు తగ్గుతుంది, లైట్లు, కిటికీ మూసుకుపోవు. అయితే ఆ గదికి, మేము పడుకునే చోటుకు మధ్య గాలి దూరని గోడ ఉండాలి, అడుగున బయటికి గాలి రంధ్రాలు ఉండాలి. పెట్రోల్‌ ఆవిరి గాలికంటే బరువు, కిందనే పేరుకుంటుంది. గ్యాస్‌ సిలిండర్‌ ఆ పక్కన ఉండకూడదు. అప్పుడు మేమూ ఈ స్కూటర్‌ అమ్మేసి, మన వైపు సంతల్లో బస్తాలు మోసే మోపెడ్‌ లాంటిది తీసుకుంటాం. అది 90 కిలోల లోపే ఉంటుంది, చక్రాలు పెద్దవి, పల్లె రోడ్లకు బాగుంటుంది. ఈ సలహా కూడా మీ షోరూంలోనే రావాల్సింది.

కరపత్రంలోని ఆ మాటలు వెంటనే తీసేయండి. మా తర్వాత బుక్‌ చేసిన పెద్దవాళ్లు ఉన్నారని మీవాళ్లే చెప్పారు. వాళ్ల బండ్లకు ఇదే స్టాండు బిగించి ఉంటే, ఘాటీ రోడ్డెక్కకముందే ఫోన్‌ చేసి చెప్పండి. మా డబ్బు కంటే ముందు ఈ పని చేయమని అడుగుతున్నాను.

గడువులోగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాం. మేము ఉండే జిల్లాలోనే వేసే వీలు ఆ చట్టం ఇచ్చింది. బిల్లు, కరపత్రం, కాటా చీటీలు, చీలిన బ్రాకెట్‌, మూసుకుపోయిన లైట్ల ఫోటోలు దీనితో పంపుతున్నాను. అసలు కాగితాలు నా దగ్గరే ఉంటాయి.

ఇట్లు,
మీ కారవాన్‌ యజమాని,
గునుపురం