డిజిటల్ హ్యుమానిటీస్ పీహెచ్‌డీకి ముందు శుద్ధపాఠం కావాలి

సంపాదకులకు నమస్కారం.

డిజిటల్ హ్యుమానిటీస్‌లో, అంటే సాహిత్యం, చరిత్ర వంటి విషయాలను కంప్యూటర్ సాయంతో పరిశోధించే రంగంలో, పీహెచ్‌డీ గురించి గత వారం జిల్లా పేజీలో వార్త వేశారు. మన విజయవాడ, గుంటూరు పిల్లలు ఈ వైపు చూడటం మంచిదే. కానీ పాత తెలుగు పుస్తకాలన్నీ ఎప్పుడో డిజిటైజ్ అయిపోయాయనీ, ఇక కంప్యూటర్‌లో వేసి విశ్లేషించడమే మిగిలిందనీ అందులో రాశారు. అది తప్పు. ఆ మాట నమ్మి చేరినవాళ్లకు మొదటి రెండేళ్లు టైపింగ్ పనికే సరిపోతాయి.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయిన మాట నిజం. అయితే అవి పేజీల బొమ్మలు. ఆ బొమ్మలో ‘స్వరాజ్యము’ అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో ఏ సాఫ్ట్‌వేరూ లెక్కపెట్టలేదు. ముందు ఓసీఆర్ చేసి అక్షరాలుగా మార్చాలి. టెసరాక్ట్, గూగుల్ డ్రైవ్ రెండూ ఇప్పటి అచ్చును బాగానే చదువుతాయి. 1920ల నాటి పుస్తకం పెడితే ర్‌కు బదులు పక్కన వేసే వలపలగిలకను తెలుగు తొమ్మిది అంకె అనుకుంటాయి, ‘ధర్మము’ కాస్తా ‘ధమ౯ము’ అవుతుంది. అరసున్న మాయమవుతుంది, బండి ఱ మామూలు ర అయిపోతుంది. నలుపు తెలుపుల్లో తీసిన స్కాన్‌లో థ లోపలి చుక్క చెరిగిపోయి ధ అవుతుంది. పంక్తి చివర విరిగిన మాటకు ఆనాటి అచ్చులో చాలాచోట్ల అడ్డగీత ఉండదు కనుక ఒక మాట రెండవుతుంది. పాత పత్రికలైతే పక్క పక్క కాలమ్‌లు కలిసిపోయి వాక్యమే మిగలదు.

98 శాతం సరిగ్గా వచ్చిందంటే గొప్పగా వినిపిస్తుంది. పేజీకి 1,500 సంకేతాలుంటే (అక్షరాలు, గుణింతపు గుర్తులు కలిపి) అందులో 30 తప్పులన్నమాట. తెలుగు మాటలు పొడుగు కాబట్టి దాదాపు ఆరు మాటల్లో ఒకటి చెడినట్టే. ఆ పాఠంతో తీసిన పదాల లెక్కలు ఏ సిద్ధాంత గ్రంథానికీ ఆధారం కాలేవు. మనిషి కూర్చుని మూలంతో పోల్చి దిద్దాలి, ఇంకొకరు సరిచూడాలి. కంప్యూటర్‌లో అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్ పద్ధతిలో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. కంటికి తేడా తెలియదు, వెతుకులాటలో మాత్రం సగం దొరకవు. అందుకే పాఠమంతటినీ ఇలాంటి ముక్కలను ఒకే సంకేతంగా కలిపే ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి మార్చుకున్నాకే లెక్క మొదలుపెట్టాలి.

అప్పుడైనా పని తీరదు. పాఠంలో మాటలు లెక్కగట్టే వోయంట్ లాంటి పరికరాలు ఖాళీని చూసి మాటను విడదీస్తాయి. మనకు విభక్తులూ సంధులూ ఉన్నాయి. రాముడు, రామునికి, రాముడన్నాడు, రాముడేమో అన్నీ వేరు వేరు మాటలుగా లెక్కకొస్తాయి. ధాతువు, ప్రాతిపదిక విడదీసే పని చేయకుండా గీసిన రంగుల పటాలు చూడ్డానికి బాగుంటాయి గానీ దేన్నీ రుజువు చేయవు.

ఈ శ్రమనంతా పరిశోధనగా లెక్కించరన్నదే నా ప్రధానమైన బాధ. సమీక్ష కమిటీలు ‘ఎన్ని అధ్యాయాలు రాశావు’ అనే అడుగుతాయి. దిద్దిన పాఠం, దానికి టీఈఐ పద్ధతిలో (పాఠంలో ఏ భాగం ఏమిటో కంప్యూటర్‌కు తెలిపే ప్రమాణం) వేసిన గుర్తులు, తప్పుల శాతం లెక్కగట్టిన తీరు సిద్ధాంత గ్రంథంలో భాగం కావాలి. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం 2013లో తెచ్చిన రవీంద్రుని రచనల వెబ్‌సైటు ‘బిచిత్ర’ వెనుక ఒక బృందమే పనిచేసింది, ఇక్కడ ఒక్క విద్యార్థి నెత్తిన అంత బరువు వేసి చేతులు దులుపుకుంటున్నారు. యూజీసీ 2022 నిబంధనలు వేరే శాఖ నుంచీ, వేరే సంస్థ నుంచీ సహ పర్యవేక్షకుణ్ణి అనుమతిస్తున్నాయి. తెలుగు శాఖకు కంప్యూటర్ శాఖ తోడుంటే సగం చిక్కులు తీరతాయి. కనీసం 12 క్రెడిట్ల కోర్సు వర్క్ ఎలాగూ ఉంది, అందులో ఓసీఆర్, పైథాన్ ప్రోగ్రామింగ్, పాఠ పరిష్కరణ చెప్పడానికి అడ్డేమిటి?

గ్రంథాలయాల సంగతి ఇంకా బాధాకరం. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది బెజవాడలోనే. గ్రంథాలయోద్యమాన్ని నడిపిన అయ్యంకి వెంకటరమణయ్యగారి ఊళ్లో ఈనాడు పరిశోధకుడు పాత పత్రిక ఫొటో తీసుకోవాలంటే ఎవరిని అడగాలో చెప్పేవాళ్లు లేరు. రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు దాటితే కాపీరైటు ఉండదని కౌంటర్‌లో ఉన్నవారికి ఎవరూ చెప్పరు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు మనందరం కడుతున్నాం. వసూలు చేసిన స్థానిక సంస్థలు దాన్ని సకాలంలో జమ చేయకపోతే స్కానర్ ఎక్కడిది, ఉద్యోగి ఎక్కడివాడు? రంగుల్లో, 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) తీసి కుదించకుండా దాస్తే ఏ4 పేజీ సుమారు 26 ఎంబీ, 300 పేజీల పుస్తకం 8 జీబీకి దగ్గర. ఆ మాత్రం నిల్వకు హార్డ్ డిస్కులు కొనడం ఏ జిల్లా సంస్థకూ భారం కాకూడదు.

విజయవాడ ఏలూరు రోడ్డు ప్రచురణకర్తలకూ ఒక విన్నపం. యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో టైపు చేయించిన మీ పాత పేజ్‌మేకర్ ఫైళ్లు పారేయకండి. యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు తారుమారవుతాయి, అయినా మళ్లీ టైపు చేయడం కంటే దిద్దుకోవడం ఎంతో తేలిక. ఏ వెర్షన్ ఫాంటో ఫైలు పేరులోనే రాసిపెట్టండి. వెర్షన్ తెలియకపోతే కన్వర్టర్ తప్పు అక్షరాలు ఇస్తుంది.

ప్రవేశాల ప్రకటన వచ్చేలోగా ఏయే పుస్తకాలకు దిద్దిన పాఠం సిద్ధంగా ఉందో, ఏవి ఉత్త బొమ్మలో విశ్వవిద్యాలయాలు జాబితా బయటపెట్టాలి. ఆ జాబితాను మీ పత్రిక అడిగి ప్రచురించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు