కరపత్రం రోగికి అర్థమవ్వాలి
రోగుల చేతికిచ్చే ఆరోగ్య కరపత్రాలు వాళ్లకు అర్థమవుతున్నాయో లేదో చూసే నాథుడు లేడు. షుగర్ మందులతో పాటు మా అమ్మకిచ్చిన కాగితంలో ‘హైపోగ్లైసీమియా లక్షణాలు గమనించినచో తక్షణ చర్యలు చేపట్టవలెను’ అని ఉంది, ఆ చర్యలేమిటో మాత్రం లేదు. షుగర్ మరీ పడిపోయి (హైపోగ్లైసీమియా అంటే అదే) చెమటలు పట్టి చేతులు వణికితే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని 15 నిమిషాలకు మళ్లీ షుగర్ చూసుకోమని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. కరపత్రం ఎలా ఉందో కొలిచే సాధనాలు లేక కాదు. చికిత్స గురించిన రాతల నాణ్యత చూడటానికి 1999లో వచ్చిన ప్రశ్నావళి డిస్సర్న్‌లో 16 ప్రశ్నలున్నాయి, పెమాట్ అనే ఇంకో సాధనమైతే కరపత్రం అర్థమవుతోందా, చదివాక ఏం చేయాలో తెలుస్తోందా అని విడివిడిగా మార్కులేస్తుంది. అచ్చుకు పంపేముందు వీటితో చూసి, నలుగురైదుగురు రోగులచేత చదివించి, ఏం అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించుకుని, వాళ్లు తడబడిన వాక్యాలను తిరగరాయాలి.