మన గెడ్డ ఎక్కడ మొదలవుతుంది?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఆకుమళ్లు పోసేశారు, గెడ్డలోకి, అంటే మన ఊరి వాగులోకి, కొత్త నీరు వచ్చింది. ఈ నెల ఆరు, ఏడు తరగతుల పిల్లలకు మన ఊరి గెడ్డ గురించే పాఠం చెబుతున్నాం. అందులో కొంత మీ ఇంట్లో జరగాల్సిన పాఠం, అందుకే ఈ ఉత్తరం.

గెడ్డ ఎక్కడ పుట్టిందని అడిగితే పిల్లలందరూ కొండ వైపు చెయ్యి చూపించారు. నిజమే కానీ, అది సగమే. మెట్ట మీద జీడితోటలో పడిన వాన, మీ ఇంటి చూరు నుంచి కారిన వాన, బడి ఆవరణలో పడిన వాన కూడా పల్లం వెతుక్కుంటూ గెడ్డలోకే చేరతాయి. ఇలా ఒక గెడ్డకు నీళ్లిచ్చే నేలంతటినీ దాని పరీవాహక ప్రాంతం అంటారు. వాటర్‌షెడ్ అన్న మాట మీలో చాలామంది వినే ఉంటారు, అదే ఇది. మా సైన్స్ టీచర్ దీన్ని ఒక ప్లాస్టిక్ చాటతో చూపించారు. చాటకు మూడు వైపులా అంచు, ఒక వైపు ఖాళీ. లోపల ఎక్కడ నీళ్లు చల్లినా కారేది ఆ ఖాళీ వైపుకే. అంచుకు అవతల పడిన చుక్క మాత్రం పక్క గెడ్డది.

మన గెడ్డ చంపావతి నదిలో కలుస్తుంది. చంపావతి మెంటాడ మండలంలో ఆండ్ర రిజర్వాయరు దాటి, గజపతినగరం మీదుగా పోయి, కోనాడ దగ్గర సముద్రం చేరుతుంది. పక్కనే గంట్యాడ మండలంలో తాటిపూడి రిజర్వాయరు ఉన్నది గోస్తని మీద. గోస్తని సముద్రంలో కలిసేది భీమిలి దగ్గర. ఈ రెండు నదుల మధ్య గట్టు మీద పక్కపక్కనే పడిన రెండు చినుకుల్లో ఒకటి కోనాడకు, ఇంకొకటి భీమిలికి పోవచ్చు. ఈ మాట విన్నాక పిల్లలు ప్రశ్నలు ఆపలేదు.

ఒక లెక్క కూడా చేయించాం. ఎకరం నేల మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 40,000 లీటర్లకు పైగా నీళ్లు. అంటే 20 లీటర్ల వాటర్ క్యాన్లు రెండు వేలు. చెట్లు, గడ్డి, ఆకుల పొర ఉన్న నేల అందులో చాలా భాగాన్ని ఇంకించుకుని, నెమ్మదిగా ఊటగా వదులుతుంది. వానలు పోయాక కూడా గెడ్డ పారుతోందంటే ఆ ఊట వల్లే. బోడి నేల మీద అవే నీళ్లు మట్టిని కోసుకుంటూ ఒక్కసారిగా దిగి, చెరువుల్లో పూడిక వేసి పోతాయి. తర్వాత బావులు ఎండిపోతే ఆశ్చర్యమేముంది?

ఇక నన్ను అన్నిటికన్నా టెన్షన్ పెట్టే విషయం. మన ఊళ్లో ఎండ కాస్తుండగానే గెడ్డ పొంగవచ్చు, ఎందుకంటే వాన పైన కొండల్లో కురిసి ఉంటుంది. నీళ్లు మట్టిరంగు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కాలని పిల్లలకు ఇంట్లో కూడా చెప్పండి. వేగంగా పోయే నీరు మోకాలి లోతు ఉన్నా పెద్దవాళ్లనే పడేస్తుంది. కాజ్‌వే మీద నీళ్లు పారుతున్న రోజు మీ పిల్లల్ని బడికి పంపకండి. ఆ పాఠాలు తర్వాత మేం చెప్పుకుంటాం.

మీ నుంచి కావాల్సినవి ఇవి. వాన పడుతున్నప్పుడు పిల్లల్ని అరుగు మీద నిలబెట్టి, మన చూరు నీళ్లు ఎటు పోతున్నాయో చూడమనండి. వాన తగ్గాక ఆ దారిని కాగితం మీద గీసి తెస్తారు. ఒకప్పుడు మన ఊళ్లో బందలు, అంటే చిన్న చెరువులు, ఎక్కడెక్కడ ఉండేవో తాతయ్యలను, నాన్నమ్మలను అడిగి తెలుసుకుంటారు. పురుగుమందు కొట్టిన స్ప్రేయర్లను గెడ్డలో కడగవద్దని మాత్రం చేతులెత్తి అడుగుతున్నాను. దిగువన పశువులు తాగేదీ, పిల్లలు చేపలు పట్టేదీ ఆ నీళ్లలోనే.

వచ్చే శనివారం ఉదయం, నో బ్యాగ్ డే నాడు, ఉపాధ్యాయులతో కలిసి పిల్లలు గెడ్డ గట్టు వెంట నడుస్తారు, నీళ్లలోకి దిగరు. ఆండ్ర వైపు మబ్బు పట్టి ఉంటే బడి ఆవరణలోనే నీటి దారులు చూపిస్తాం. చెప్పులు, టోపీ, మంచినీళ్ల సీసా ఇచ్చి పంపండి. గెడ్డ పాత దారి తెలిసిన పెద్దలు వెంట వస్తే చాలా సంతోషం. అనుమతి చీటీ మీద సంతకం చేసి శుక్రవారంలోగా క్లాస్ టీచరుకు అందించండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు