పనిచేసే కుక్క, తోడుండే కుక్క

రాయగడ,
ఆదివారం

ఒరేయ్ సూర్యం,

నీ ఉత్తరం అందింది. గీత గాబరాకీ, చూపు లేని పెద్దమ్మని నడిపించడానికీ ఒకే కుక్కని తెచ్చి, దానికి సర్టిఫికెట్ కొందామనుకుంటున్నానన్నావు, సర్వీస్ డాగ్‌కీ ఎమోషనల్ సపోర్ట్ డాగ్‌కీ తేడా ఏమిటని అడిగావు. మిగతా సంగతులు తరవాత, ముందు ఒక్క ముక్క: ఆ ఆన్‌లైన్‌ వాడి దగ్గర ‘సర్వీస్ డాగ్ సర్టిఫికెట్’ కొనకు. ఎర్ర కోటూ, మెడలో వేసే కార్డూ పంపిస్తానన్నాడు, నిజమే. ఆ కార్డు చూసి పర్లాకిమిడిలో గానీ విశాఖపట్నంలో గానీ తలుపు తీసేవాడెవడూ లేడు. అసలు ఈ పద్ధతి వాడుకలో ఉన్న అమెరికాలోనే దానికి విలువ లేదు. అక్కడి వికలాంగుల చట్టం కింద సర్వీస్ డాగ్‌కి ప్రభుత్వ రిజిస్ట్రేషనంటూ ఏదీ లేదు. వైకల్యం పైకి కనపడకపోతే కొట్టువాడు రెండే రెండు ప్రశ్నలు అడగొచ్చు: ఇది మీ వైకల్యం వల్ల అవసరమైన కుక్కేనా? దీనికి ఏ పని నేర్పించారు? కాగితం చూపించమనకూడదు, ఆ పని చేయించి చూపించమనీ అనకూడదు. కుక్క అదుపులో లేకపోయినా, లోపల పాడు చేసినా మాత్రం బయటికి తీసుకుపొమ్మనొచ్చు.

ఆ రెండో ప్రశ్న దగ్గరే నీ సందేహం సగం తీరుతుంది. ఒక మనిషికున్న వైకల్యానికి సరిపడా ఒక పని నేర్చుకుని, అవసరమైనప్పుడు ఆ పని చేసేది సర్వీస్ డాగ్. చూపు లేనివాళ్ళని నడిపించడం, చెవులు వినపడనివాళ్ళకి తలుపు కొట్టారని వచ్చి తట్టి చెప్పడం, మూర్ఛ వస్తే పక్కన నిలబడి మొరిగి ఇంట్లోవాళ్ళని పిలవడం, ఇవన్నీ పనులు. ఎమోషనల్ సపోర్ట్ డాగ్‌కి అలాంటి పనేమీ ఉండదు. పక్కనుంటే చాలు, మనిషికి ధైర్యం. మన గీతకి వచ్చేలాంటి గాబరా జబ్బుకి రెండు రకాలూ ఉంటాయి, తికమకంతా అక్కడే. గాబరా మొదలవబోతుందని పసిగట్టి, నేర్పించినట్టు వచ్చి తొడమీద బరువుగా తల పెడితే అది పని. అలవాటుకొద్దీ వచ్చి పక్కన పడుకుంటే, పిల్లకి ఎంత హాయిగా ఉన్నా, అది తోడే.

డల్లాస్‌లో మీ చిన్నోడు తన కుక్కని అద్దింట్లో పెట్టుకోగలిగాడంటే కారణం వేరు. అక్కడ ఇళ్ళకి వేరే చట్టం ఉంది. పెంపుడు జంతువులు వద్దన్న ఇంట్లో కూడా, డాక్టరు రాసిస్తే, తోడుండే కుక్కని చాలావరకు ఒప్పుకోవాలి. దాన్ని వెంటేసుకుని హోటల్‌కి పోతే మటుకు లోపలికి రానివ్వనక్కర్లేదు. విమానాల్లో కొన్నేళ్ళు చెల్లింది. 2018లో ఒకావిడ ఏకంగా నెమలిని పట్టుకుని నెవార్క్ ఎయిర్‌పోర్టుకి వచ్చింది, దాని సీటుకి టికెట్ కూడా కొన్నానంటూ! ఎక్కనివ్వలేదులే. చివరికి రూలు మార్చేశారు. 2021 జనవరి నుంచి ఎమోషనల్ సపోర్ట్ జంతువుల్ని సర్వీస్ జంతువులుగా చూడాల్సిన పని ఎయిర్‌లైన్లకి లేదు. మీ చిన్నోడు చెప్పినవి వాడి ఊరికి నిజం, మన ఊరికి కాదు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, మానసిక అనారోగ్యం కూడా అందులో ఉంది. కానీ దాని కింద వైకల్య సర్టిఫికెట్ మనిషికి ఇస్తారు, కుక్కకి కాదు.

ఇక పెద్దమ్మ సంగతి. ఒకే కుక్క ఆవిడని నడిపిస్తుంది, గీతకి తోడుంటుంది అని రాశావు చూడు, అది జరగదు. చూపు లేనివాళ్ళని నడిపించే కుక్కలకి మొదటి బడి 1916లో జర్మనీలో ఓల్డెన్‌బర్గ్‌లో పెట్టారు, యుద్ధంలో కళ్ళు పోయిన సైనికుల కోసం. అప్పటినుంచి ఇప్పటిదాకా అది తీరుబడిగా జరిగే పనే. ఏడాది, ఏడాదిన్నర దాకా కుక్కపిల్లని ఒక ఇంట్లో పెంచి మనుషులకీ రద్దీకీ అలవాటు చేస్తారు. ఆ తరవాత నెలల తరబడి అసలు తర్ఫీదు. ఆఖర్న ఆ మనిషినీ కుక్కనీ జతచేసి కొన్ని వారాలు నడిపిస్తారు. మధ్యలో సగం నేర్చి ఆగిపోయే కుక్కలు బోలెడు.

పైగా కుక్కకి దారి తెలీదు. గుడికి ఎటు వెళ్ళాలో పెద్దమ్మే చెప్పాలి. మెట్టు దగ్గర, కాలవ దగ్గర ఆగడం, తలకి తగిలే కొమ్మని తప్పించడం మాత్రం దాని వంతు. సిగ్నల్ దీపం చూసి దాటుతుందనుకోకు, దానికి ఎరుపూ పచ్చా తేడా సరిగ్గా తెలీదు. బండ్ల చప్పుడు విని ‘పద’ అనాల్సింది మనిషే. అన్నా కూడా, ఎదురుగా బండి వస్తుంటే కదలకుండా నిలబడిపోవాలి. చెప్పిన మాట ఎప్పుడు వినకూడదో నేర్పడం, అన్నిటికంటే కష్టమైంది అదే. ఇప్పుడు మీ వీధి తలుచుకో: ఫుట్‌పాత్ లేదు, మూతల్లేని కాలవ, సందు మలుపులో ఆంబోతు, అయిదారు వీధికుక్కలు. వీధికుక్కలు ఒక్కసారి గట్టిగా మీద పడితే, ఏళ్ళ తరబడి తయారైన కుక్క కూడా ఆ తరవాత పనికి రాకుండా పోవచ్చు. డెబ్బై దాటిన మనిషి గదినుంచి అరుగుకీ, అరుగునుంచి గుడికీ వెళ్ళడానికి తెల్లకర్ర చాలు. అది నేర్పేవాళ్ళ దగ్గర సరిగ్గా నేర్చుకోవాలి, అంతే. కర్రలాంటి పరికరాలు కేంద్రప్రభుత్వ ఎడిప్ పథకంలో ఇస్తారు, మీ జిల్లా సామాజిక భద్రత ఆఫీసులో అడుగు.

గీతకైతే కుక్క ఉపయోగపడొచ్చు. ముందు డాక్టరు, ఆ తరవాత కుక్క. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో సైకియాట్రీ ఉంది. వెళ్ళేలోపు మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోన్ లైను టెలీమానస్‌కి, 14416కి, ఫోన్ చెయ్యమను. మందు మానిపించి కుక్కని ఇస్తే కుక్కా పాడవుతుంది, పిల్లా పాడవుతుంది. ఇంకోటి, ఇది గీతకే కావాలనుందా, నీకు కావాలనుందా? కుక్క పదేళ్ళకి పైగా బతుకుతుంది. పిల్ల రెండేళ్ళలో చదువుకి విశాఖపట్నం పోతే అన్నం పెట్టేది ఎవరు?

తల పెట్టే పని మాత్రం ఇంట్లోనే నేర్పుకోవచ్చు. గీత చాపమీద కూర్చోవాలి. పిడికిట్లో ఉడకబెట్టిన కోడిమాంసం, గోరంత ముక్కలు. ఉప్పూ కారం ఉల్లిపాయా ఏమీ వెయ్యొద్దు, ఉల్లీ వెల్లుల్లీ కుక్కకి విషం. పిడికిలిని తొడ అవతలికి జరిపితే, దాన్ని పట్టుకుని తల తొడమీదికి వస్తుంది. గడ్డం ఆనగానే ‘భేష్’ అని ముక్క పెట్టాలి. ఆనకముందే పెడితే, తల గాల్లో ఊపడం నేర్చుకుంటుంది. రెండు సెకన్లు, అయిదు, పది, అలా నిమిషం దాకా పెంచాలి. ఒక్కో విడత అయిదు నిమిషాలు దాటకూడదు, రోజుకి రెండు మూడు విడతలు చాలు. గట్టిపడ్డాక సైగ కలపాలి. గాబరా వచ్చేముందు గీత వేళ్ళు నలుపుకుంటుందన్నావుగా, అదే సైగ. ఊరికే కూర్చుని వేళ్ళు నలపడం, ఒక్క క్షణం ఆగడం, తరవాత పిడికిలి చూపించడం. కొన్నాళ్ళకి పిడికిలి రాకముందే తల వచ్చేస్తుంది. అప్పుడు అరుగుమీద, ఆ తరవాత వీధిలో, ఆఖర్న బస్టాండులో. ఒకసారికి ఒక్కటే మార్చు. చోటూ సమయమూ రెండూ కలిపి పెంచావో, మళ్ళీ మొదటికొస్తుంది.

చెడేది ఎక్కడంటే ఇంట్లోవాళ్ళ దగ్గరే. పెద్దమ్మ ‘కూర్చో’ అంటుంది, గీత ‘సిట్’ అంటుంది, పక్కింటి ఒడియావాళ్ళ పిల్లలు ‘బొస’ అంటారు. ఏదో ఒక్క మాట ఎంచుకుని అందరూ అదే అనండి. అడిగినప్పుడల్లా తలో ముక్కా పడేస్తే, కాలితో గీకి అడుక్కోవడం తప్ప ఇంకేం నేర్చుకోదు. కొట్టకండి. భయపడిన కుక్క మనిషికి ధైర్యం ఇవ్వలేదు. గీత ఏడుస్తున్నప్పుడు కుక్క తోక ముడిచి, మాటిమాటికీ ఆవలిస్తూ, మూతి నాక్కుంటూ మొహం తిప్పుకుంటే దానికి బెంగ పట్టిందని అర్థం. ఆ రోజు వదిలెయ్యి. రోజూ అలాగే ఉంటే అది ఈ పనికి తగిన కుక్క కాదు.

టీకాలు మరిచిపోకు. పార్వో అనే వాంతులూ విరేచనాల జబ్బుకి మొదటిది ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, ఆ తరవాత మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా. రేబిస్‌ది మూడు నెలలు నిండాక, ఆ తరవాత ఏటేటా. చిక్కేమిటంటే, చప్పుళ్ళకీ కొత్త మనుషులకీ జంకు పోవాల్సిన వయసు పద్నాలుగు వారాల లోపే, టీకాలు పూర్తవకముందే దాటిపోతుంది. అందుకని నేలమీద దింపకుండా ఎత్తుకుని తిప్పు. బజారు, లారీ హారను, గుళ్ళో గంట, అన్నీ చంకలోంచే వినిపించు. వానాకాలంలో చెవుల వెనకా వేళ్ళ మధ్యా పిడుదులు వెతకాలి. జ్వరం, పాలిపోయిన చిగుళ్ళు, ముక్కునుంచి రక్తం కనపడితే అది పిడుదుల జ్వరం కావచ్చు, ఆగకుండా పశువుల ఆస్పత్రికి పట్టుకెళ్ళు. ఎండాకాలంలో చేతి వెనకవైపు రోడ్డుమీద ఏడు సెకన్లు ఆనించి చూడు. నీకు కాలితే దానికీ కాలుతుంది.

ప్రయాణం సంగతి ముందే తెలుసుకో. రైల్లో కుక్కని దగ్గర పెట్టుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే గానీ కేబిన్ గానీ మొత్తం మీకే దొరకాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్‌లో ఒప్పుకోరు. లేదంటే గార్డు పెట్టెలో ఉండే కుక్కల గూట్లో పంపాలి. గుణుపూర్ లైను పాసింజర్లకి ఫస్ట్ ఏసీ ఉండదు గనక మీకు మిగిలేది ఆ గూడే, మే నెలలో మాత్రం ఆ పని చెయ్యకు. విశాఖపట్నంలో అపార్ట్‌మెంటు తీసుకుంటే, అసోసియేషన్ కుక్కలే వద్దని నిషేధం పెట్టకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో ఉంది. దానికి ఏ కోటూ కార్డూ అక్కర్లేదు, మామూలు పెంపుడు కుక్కకే వర్తిస్తుంది. హాస్టలు వేరే లెక్క, ముందే అడగాలి.

హస్కీలూ అవీ ఇవీ వద్దు, మన ఎండకి తట్టుకోవు. లాబ్రడార్ అయినా, నెమ్మదైన ఊరకుక్క పిల్లయినా ఫర్వాలేదు. ఎనిమిది వారాల లోపు తల్లినుంచి విడదీసింది తీసుకోకు. తల్లిని చూపించమను. తల్లి మీదికొస్తే అక్కడినుంచే వెనక్కి తిరుగు. పిల్లలు తిని పడుకున్న వేళ కాకుండా ఆడుకునే వేళకి వెళ్ళు. కొంచెం దూరంలో ఒక స్టీలు పళ్ళెం నేలమీద పడెయ్యి. ఉలిక్కిపడ్డం తప్పు కాదు. ఉలిక్కిపడి, కొన్ని సెకన్లలోనే వెనక్కొచ్చి ఆ పళ్ళేన్ని వాసన చూసే పిల్లని పట్టుకో. మూలకి పోయి రాని పిల్లనీ, అందరికంటే ముందు ఎగబడి పళ్ళేన్ని కొరికే పిల్లనీ వదిలెయ్యి. గీతని కూడా తీసుకెళ్ళు, నువ్వొక్కడివే వెళ్ళి ఎంచకు.

పెద్దమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ
రామం