జాతరకు అద్దె మరుగుదొడ్లు: బుక్ చేసే ముందు చూడండి

కమిటీ సభ్యులందరికీ నమస్కారం. ‘ఒక్కో దానికి 200 లీటర్ల ట్యాంకు, రోజంతా సరిపోతుంది’ అని అద్దెకిచ్చేవాళ్లు చెబితే ఒప్పుకోకండి. ఆ లెక్క కాగితం వాడేచోటిది. మన దగ్గర కడుక్కోవడానికి, పోయడానికి మనిషికి తక్కువలో తక్కువ రెండు లీటర్లు పోతాయి. వందమంది లోపే నిండుతుంది. నిండితే నీళ్లు దిగవు, బేసిన్‌లోనే నిలిచిపోతాయి, జనం మళ్లీ పొలం గట్లకే పోతారు. అందుకే ట్యాంకులోని మురుగును పీల్చుకెళ్లే సక్షన్ ట్యాంకర్ రోజుకు ఎన్నిసార్లు వస్తుందో ముందే రాయించుకోండి. శుభ్రం చేయడానికి రక్షణ సామగ్రి లేకుండా ట్యాంకులోకి మనిషిని దించడం, పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం, ఎంత తొందరైనా సరే దించనివ్వొద్దు.

ఆడవాళ్లకు రెట్టింపు పెట్టండి. మగవాళ్లకు మూత్రశాలలు విడిగా ఉంటే చాలావరకు సర్దుకుంటుంది. లోపలి గడియ, బల్బు, మూతున్న చెత్తడబ్బా ప్రతి దాంట్లో చూసుకోవాలి. నేల చదును చేయించండి. ఒక పక్కకు ఒరిగితే చట్రం మెలిపడి గడియ రంధ్రంలో పడదు, ఆడపిల్లలు లోపలికే వెళ్లరు. ట్యాంకర్ పైపు అందేలా దారి పక్కన, బోరుకు దూరంగా దించండి.

బయో టాయిలెట్ అయితే ఫినాయిల్, యాసిడ్ పోయొద్దు. మలాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా చచ్చి కంపు మొదలవుతుంది.