సాయంత్రం ఐదు కొట్టేదాకా నేను ఫోనులో దొరకను

అక్కలకు, చెల్లెళ్లకు, మా బొంతలు కప్పుకుంటున్న అందరికీ నమస్తే.

మొదట పని మాట. ఈ శ్రావణం నుంచి నేను ఫోను చూసేది రోజుకు ఒక్క గంట, సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా. ఆదివారం ఆ గంట కూడా లేదు. నెలకు 14 బొంతలు ఒప్పుకునేదాన్ని, ఇక మీదట ఎనిమిదే. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు సింగిల్ బొంతకు కుట్టుకూలి 2,400 రూపాయలు ఉండేది, 2,900 అవుతుంది. రీల్స్ ఉండవు. ఇది చాలు అనుకున్నవాళ్లు ఇక్కడే ఆపేయొచ్చు. ఎందుకని అడిగేవాళ్లకు మాత్రం మిగతాది చెప్పాల, ఎందుకంటే ఇందులో నేను చేసిన తప్పు ఒకటుంది. మీలో కొందరికి అది చూచాయగా తెలుసు.

మన బొంతల పని 2020లో లాక్‌డౌన్‌లో మొదలైంది. ఆ జూన్ నెలాఖరులో టిక్‌టాక్ ఆగిపోయింది, జులైలో ఇన్‌స్టాగ్రామ్ వాళ్లు రీల్స్ తెచ్చినారు. కడపలో ఒక సందులో కూర్చుని పాత చీరలు కలిపి కుట్టే మనిషికి బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి ఆర్డర్లు వచ్చినాయంటే అది ఆ రీల్స్ చలవే. కాబట్టి దాన్ని తిట్టను. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టే బుద్ధి నాకు లేదు.

కాకపోతే ముప్ఫై సెకన్ల రీలుకు ఒక పూట పట్టేది. వెలుతురు చూసుకోవాల, నేల తుడవాల, చీర పరవాల, ఫోను నిలబెట్టాల, మళ్లీ మళ్లీ తియ్యాల. పెట్టినాక ఎంతమంది చూసినారో అని పది నిమిషాలకొకసారి చూసుకోవాల. పోయిన ఏడు చివరికి నా చేతిలో సూది ఉండేది రోజుకు గంట కూడా లేదు. నాతో పాటు కుట్టే ఇద్దరు అక్కలు కుడుతుంటే నేను చూపించేదాన్ని అయిపోయినా. ఫోను సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఒకటుంటుందని మా పాప తీసి చూపించింది. రోజుకు ఐదు గంటల నలభై నిమిషాలు. లాక్ తీసింది 113 సార్లు. మా అత్తకు ఆ లెక్క అక్కర్లేదు, ఆమె ఎప్పుడో చెప్పింది: "ఏమ్మే, దాన్ని పక్కలో గూడా పండబెట్టుకుంటాండావే!"

ఇక తప్పు సంగతి.

సంక్రాంతి ముందు ప్రొద్దుటూరు నుంచి ఒక అక్క వాళ్లమ్మ చీరలు ఆరు పంపించింది. వాళ్లమ్మ పోయి ఏడాది. ఆరూ కలిపి ఒక బొంత కుట్టమని అడిగింది. అందులో ఒకటి పసుపు రంగు నేతచీర, మామిడిపిందెల అంచు. నా దగ్గరికొచ్చే ప్రతి మూటకూ ఒక గుడ్డచీటీ కుడతాను, పేరు, ఊరు, ఎన్ని చీరలు అని. ఆ రోజు మధ్యాహ్నం వెలుతురు బాగుంది. వీడియోలో పసుపు బాగా పడుతుందని ఆ మూట విప్పినాను. చీర అంచు చర్రున చింపే చప్పుడంటే చూసేవాళ్లకు భలే ఇష్టం. ఆ చప్పుడు కోసం అంచు చింపి, మిగతా చీరను నాలుగు పలకలు చేసి, వీడియో తీసుకుని, దాన్ని పెట్టే హడావుడిలో ఆ పలకలను పక్కనున్న బెంగళూరు ఆర్డరు దొంతరలో పెట్టేసినాను.

ఆ రీలు నలభై వేల మంది చూసినారు. నేను పెట్టినవాటిలో అదే ఎక్కువ.

పది రోజులకు ప్రొద్దుటూరు అక్క ఫోను చేసింది. "పాపా, ఆ రీల్లో నువ్వు చించింది మా అమ్మ చీర గదా. బొంత మొదలుపెట్టినావా?" అని సంతోషంగా అడిగింది. నేను పోయి మూట చూస్తే ఐదే ఉన్నాయి. బెంగళూరు పార్సిల్ పోయి అప్పటికి నాలుగు రోజులు.

ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పినాను. బెంగళూరు చెల్లెలు తిరిగి పంపిస్తాను, విప్పుకోండి అనింది. ప్రొద్దుటూరు అక్క రెండు రోజులు ఆలోచించి వద్దనింది. విప్పితే పాతచీర పీలికలవుతుంది, ఆమె కప్పుకుంటాంది గదా, కప్పుకోనీ అనింది. నా దగ్గర ఆ అంచు మాత్రం గజంన్నర మిగిలింది. దాన్ని ఐదు చీరల మధ్యలో పెట్టి కుట్టి ఇచ్చినాను. కూలి తీసుకోలేదు. అయినా ఐదు చీరల బొంత ఐదు చీరల బొంతే. రీలు తీసేసినాను. మంచి రీలు ఎందుకు తీసేసినారని చాలామంది అడిగినారు, అప్పుడు జవాబు చెప్పలేదు. ఇదే ఆ జవాబు.

ఆ తర్వాత నేను వెంటనే మారిపోయినానని అనుకోవద్దు. ఉగాది రోజు ఒట్టు పెట్టుకుని యాప్ తీసేసినా, నాలుగో రోజుకు మా పిల్లోడి ఫోనులో చూస్తా దొరికిపోయినా. అరగంట టైమర్ పెట్టినా. టైమర్ పెట్టింది నేనే, దాన్ని గంట చేసింది నేనే. ఒకటి అర్థమైంది. సాయంత్రం పని అయినాక చెయ్యి ఊరికే ఉండలేదు, దేన్నో ఒకదాన్ని తడుముతుంది. ఫోను తీసేస్తే సరిపోదు, ఆ చేతికి ఇంకొకటి ఇవ్వాల.

క్యాలెండరు వెనక పన్నెండు పనులు రాసుకున్నా. కుండల మీద రంగులు వెయ్యడం దగ్గరనుంచి ఉర్దూ నేర్చుకోవడం దాకా. తొమ్మిది రాలిపోయినాయి, మూడు నిలిచినాయి.

మొదటిది ఇంటిపని, దాని గురించి చెప్పేదానికి పెద్దగా ఏమీ లేదు. అటక మీద రెండు ట్రంకు పెట్టెలు, వాటి నిండా ఎప్పటికో పనికొస్తాయని దాచిన గుడ్డలు. రోజుకు పావుగంట, ఒక్క మూట, అంతకుమించి ముట్టుకోకూడదని పెట్టుకున్నా. ఒక పెట్టె ఖాళీ అయింది. దీనివల్ల వచ్చిన అసలు లాభం ఇంకొకటి: పాత ఇల్లు గదా, ముందరింట్లో గోడకు దీపం పెట్టే గూడు ఉంది. దాన్ని తుడిచి ఫోను అందులో పెట్టినా. ఛార్జరు కూడా అక్కడే. వై.వి. స్ట్రీట్‌లో ఒక అలారం గడియారం కొనుక్కొచ్చినాక ఫోను పడకదగ్గరికి రావాల్సిన అవసరం పోయింది.

రెండోది మిద్దె తోట, దాని సంగతి వేరే. అక్కడ బాగా దెబ్బతిన్నా. ఏప్రిల్లో మొదలుపెట్టడమే పిచ్చిపని. మన కడప ఎండ మీకు చెప్పాల్నా? 42 డిగ్రీల్లో మిద్దె కాలి పెనం మాదిరి ఉంటే మొలకలు మూడు రోజులు కూడా నిలవలేదు. తర్వాత మిరపనారు పెట్టినా, డబ్బాకు ఒక్కటే బెజ్జం వేసినా, వేర్లు కుళ్లి చచ్చింది. నర్సరీ ఆయన నవ్వినాడు. అడుగున నాలుగు బెజ్జాలు ఉండాల, వాటి మీద పెంకుముక్కలు పరవాల. అంతా ఎర్రమట్టే నింపితే 20 లీటర్ల పెయింటు డబ్బా తడిసినాక ఇరవై ఐదు కిలోలు దాటుతుంది, పాత మిద్దెకు బరువు, నీళ్లు కూడా దిగవు. మట్టి ఒక వంతు, మాగిన పశువుల ఎరువు ఒక వంతు, కొబ్బరిపొట్టు ఒక వంతు కలపమన్నాడు.

జూన్‌లో తొలకరి పడినాక అట్లా పది డబ్బాలు నింపి గోంగూర, పాలకూర చల్లినా. నెలలోపే మొదటి గోంగూర కోసినాము. తోట పెంచాల అని పెట్టుకోలేదు నేను, అది ఎప్పటికీ తేలని మాట. వారానికి ఒక పూట మా మిద్దె ఆకుతో కూర అయితే చాలు అని పెట్టుకున్నా. ఏడు వారాల్లో ఐదు వారాలు అయింది. మిగతా రెండు వారాలు పిండినల్లి తినింది. లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి పొద్దు వాలినాక కొడతాండా, తగ్గుతాంది. బియ్యం కడిగిన నీళ్లు పారబోయడం మానేసినాము. పొద్దున ఏడు లోపల నీళ్లు పోసి మట్టి కెలికితే వేళ్లకు బురద ఉంటుంది, ఆ వేళ్లతో ఫోను ముట్టుకుంటే అది తెరుచుకోదు. నాకు అదే కావాల్సింది.

దసరాకని బంతి నారు పోసినా. పందిరికి చిక్కుడు పెట్టినా. నాటు చిక్కుడుకు పొద్దు తగ్గితేగానీ పూత రాదు, ఎంత ఎరువు వేసినా చలికాలం దాకా ఉట్టి తీగే. మా పిల్లోడు రోజూ పోయి "ఇంకా రాలేదే" అంటాడు. లైకులు చూసుకున్నట్టు చూస్తాండాడు, తల్లి బుద్ధి.

మూడోది మా జేజి (నాయనమ్మ) బొంత. ట్రంకు పెట్టె అడుగున దొరికింది, సగం కుట్టి ఆపేసింది. సూది దాంట్లోనే ఉంది, తుప్పు పట్టి. పైపొర మాధవరం నేతచీర. అంగుళానికి ఆరు కుట్లు ఉన్నాయి జేజివి. నావి నాలుగు. కంటిచూపు తగ్గిన ముసలామె, బుడ్డీదీపం వెలుతురులో కుట్టింది. నేను ఎల్‌ఈడీ లైటు కింద కుట్టి గొప్పలు చెప్పుకుంటున్నా. రోజుకు ఒక్క వరుస చొప్పున పూర్తి చేద్దామని మే నెలలో పట్టినా. ఎన్నో రోజులు ఎగ్గొట్టినా, ఇప్పటికి 37 వరుసలు అయినాయి. ఎక్కడ జేజి కుట్టు ఆగి నాది మొదలైందో దూరం నుంచే తెలిసిపోతుంది. దాన్ని అమ్మను, అడగొద్దు.

జేజి వరుసలు చూసినాకనే మీకు చెప్పాల్సిన రెండో తప్పు బయటపడింది. లెక్క చెప్తా. అంగుళానికి ఒక వరుస, వరుసలో అంగుళానికి నాలుగు కుట్లు అనుకుంటే, సింగిల్ బొంతకు 84 వరుసలు, 420 అడుగుల కుట్టు, ఇరవై వేల పైన పొడుపులు. వరుసకు అరగంట, అంటే బొంతకు 42 గంటలు. మేము ముగ్గురం రోజుకు ఐదు గంటలు, నెలకు పాతిక రోజులు కుడితే 375 గంటలు. ఎనిమిది బొంతలకు మించి కావు. మరి 14 ఎట్లా ఇచ్చినాను? పోయిన ఏడు దీపావళి తర్వాత కుట్టిన బొంతలు తీసి టేపు పెట్టి చూసుకోండి. వరుసల ఎడం అంగుళంన్నర ఉంటుంది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఉతికే కొద్దీ లోపలి పొరలు జరిగి ఉండలు కట్టేది అందుకే. అట్లాంటి బొంత మీ దగ్గర ఉంటే ఫాల్గుణం, చైత్రం నెలల్లో పంపించండి. మధ్యలో వరుసలు వేసి ఇస్తా, కూలి లేదు. రాను పోను కొరియరు నాదే.

డబ్బు సంగతి కూడా దాచను. ఉగాది నుంచి ఆర్డర్లు మూడో వంతు తగ్గినాయి. జూన్‌లో స్కూలు ఫీజులప్పుడు భయమేసి రెండు రోజులు మళ్లీ వీడియోలు తీసినా కూడా, పెట్టలేదు. పెంచిన 500లో 300 నాతో కుట్టే అక్కల కూలికి పోతుంది. ఇది నిలబడుతుందో లేదో సంక్రాంతికి తెలుస్తుంది.

ఆదివారాలు పిల్లల్ని తీసుకుని ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయానికి పోతాండా. సి.పి. బ్రౌన్ దొర 1820లో కడపకు వచ్చి, ఇక్కడ ఉన్న చోటే అది. అక్కడే ఒక సంగతి తెలిసింది. బెంగాలీవాళ్ల కాంతా కుట్టు పెద్ద షాపుల్లో వేలకు వేలు పలుకుతుంది గదా, అది కంథ అనే సంస్కృతం మాట నుంచి వచ్చింది. కంథ అంటే మన బొంతే. ఇన్నేళ్లు నేను రీళ్లలో "కాంతా స్టైల్" అని రాసుకున్నా, సిగ్గేసింది.

ఆర్డరు ఇచ్చేవాళ్లు వాట్సాప్‌లో చీరలు ఎన్ని, నూలువా వాయిలువా, ఏ కొలత అని ఒకే మెసేజ్‌లో రాయండి. సాయంత్రం లోపల ఆటోమేటిక్ జవాబు ఒకటి వస్తుంది, అది నేను కాదు, ఫోను. సిల్కు చీరలు ఒప్పుకోను, సూది రంధ్రాల దగ్గర చిరుగుతాయి. మూట విప్పేటప్పుడు గదిలో ఫోను ఉండదు, చీరలు ఇద్దరం లెక్కపెట్టి చీటీ మీద ఇద్దరం సంతకం పెడతాము. చలికాలం బొంతలకు ఆగస్టు, సెప్టెంబరు జాగాలు నిండినాయి. అక్టోబరులో మూడు ఉన్నాయి.

నంద్యాల అక్కా, హిందూపురం చెల్లెలా, కదిరి నుంచి వాళ్ల నాయన పంచెలు పంపిస్తానన్న అన్నా, మీ మెసేజ్‌లు పోయిన నెలలోనే చూసి జవాబు ఇవ్వకుండా వదిలేసినా. ఈ రోజు ఐదింటికి మొదట మీకే.