కరెంటు కారా, ఇథనాల్ పెట్రోలా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. కొత్త కారు కొందామని మూడు నెలలుగా షోరూమ్‌ల చుట్టూ తిరుగుతున్నాను, ఇప్పటికీ తేల్చుకోలేదు. తెలంగాణలో 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. పది లక్షల కారుకి లక్షకు పైనే మిగులుతుంది, చిన్న విషయమేం కాదు. కానీ మేముండేది అపార్ట్‌మెంట్‌లో, నా పార్కింగ్ దగ్గర చార్జింగ్ పాయింట్ పెట్టుకుంటానంటే అసోసియేషన్ వాళ్లు మంటలొస్తాయని అడ్డం పడుతున్నారు (లిఫ్ట్ పక్కన సిగరెట్లు కాలిస్తే మాత్రం రావట!). కరెంటు ఎక్కువగా బొగ్గుదేగా అంటారు కొందరు, నిజమే, అయినా మన వీధిలో పొగ తగ్గుతుందా లేదా?

పోనీ పెట్రోల్ కారే కొందామంటే బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ (చెరకు, మొక్కజొన్న లాంటి వాటితో తయారుచేసే ఆల్కహాల్) కలిపింది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది, అందుకు తగ్గట్టు మనకు రేటు తగ్గించిన పాపాన పోలేదు. చెరకు, మొక్కజొన్న రైతులకు గిరాకీ పెరిగితే సంతోషమే. కానీ ఇథనాల్ ఫ్యాక్టరీ మాకొద్దంటూ 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం రోడ్డెక్కిన సంగతి మరచిపోతే ఎలా?

సీఎన్‌జీ చూద్దామంటే సిలిండరుకే డిక్కీ సగం పోతుంది, ఇక పండక్కి ఊరెళ్తే సామాన్లు ఒళ్లో పెట్టుకోవాలి.

నా మటుకు నాకు ఎలక్ట్రిక్ కారు వైపే మొగ్గు. ట్యాక్స్ మాఫీ చేసిన ప్రభుత్వం, అపార్ట్‌మెంట్లలో సొంత మీటరుతో చార్జింగ్ పెట్టుకుంటే ఎవరూ అడ్డుకోకుండా గట్టి ఉత్తర్వు కూడా ఇవ్వాలి.

- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్